వైరు తెగేది ఎక్కడ?

కామారెడ్డి సిరిసిల్ల రోడ్డులోనైనా, ఎల్లారెడ్డి బస్టాండు చుట్టుపక్కలైనా మోటార్ వైండింగ్ దుకాణంలో పెద్దపీట బోరు మోటార్లదే. వానాకాలం నాట్లో, యాసంగి నాట్లో దగ్గరపడ్డాయంటే గచ్చంతా విప్పిన మోటార్లు, రాగి తీగ చుట్టలే. ఇంటి సామాన్లకు మిగిలేది ఓ మూల బల్ల. ఇస్త్రీ పెట్టె, హ్యాండ్ బ్లెండరు, హెయిర్ డ్రయ్యరు, దుబాయ్ నుంచి కొడుకు తెచ్చిన ట్రిమ్మరు దాని మీద వరసగా ఉంటాయి. వాటిని తెచ్చినవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఒకటే: "కరెంటు వస్తలేదు."

మెకానిక్ వెంటనే స్క్రూలు విప్పడు. ఇస్త్రీ పెట్టెను టెస్ట్ బల్బుతో సిరీసులో కలిపి, వైరు పెట్టెలోకి దూరే చోట రెండు వేళ్లతో పట్టి మెల్లగా అటూ ఇటూ వంచుతాడు. బల్బు వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. "కాయిల్ మంచిగనే ఉందక్కా, వైరు లోపల తెగింది" అంటాడు. జానెడు ముక్క కోసి పక్కన పడేసి, మిగిలిన వైరును తిరిగి బిగిస్తాడు. సామాను చేతికిస్తూ ఒక మాట చెప్తాడు: "జెర ఒదులుగ సుట్టి పెట్టుండ్రి."

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాటకు వివరణ. చేత పట్టుకుని వాడే చిన్న సామాన్ల వైర్లను మనం వాడి పాడుచేసే దానికంటే దాచిపెట్టి పాడుచేసేదే ఎక్కువని నా నమ్మకం. తప్పు ఇంట్లో వాళ్లది కాదు. వైరు ఎక్కడ, ఎలా ఒదగాలో ఆలోచించకుండా ఆ వస్తువును తయారుచేసిన వాళ్లది.

మెకానిక్ కోసి పడేసిన ముక్కను తీసుకుని బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. పై తొడుగు చెక్కుచెదరదు. లోపల ఎరుపు, నలుపు తొడుగులు కూడా బాగానే ఉంటాయి. వాటిని ఒలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. వెంట్రుకల్లాంటి రాగి పోగులు ఒకే చోట, కత్తిరించినట్టు పొట్టిపొట్టిగా తెగి ఉంటాయి. కొన్నిటి కొనలు నల్లబడి ఉంటాయి. ఆ చుట్టూ ప్లాస్టిక్ కాస్త కమిలి ఉంటుంది. రాగి తెగినా పైన గీత కూడా పడకపోవడానికి కారణం ఉంది. పీవీసీ తెగేలోపు తన పొడవుకు రెట్టింపు దాకా సాగగలదు. రాగికి ఆ ఓపిక లేదు. ఏ ఒక్క శాతమో సాగదీసి, మళ్లీ నొక్కి, మళ్లీ సాగదీస్తూ పోతే లోలోపలే పగుళ్లిస్తుంది.

పొలంలో కటింగ్ ప్లేయరు లేనప్పుడు రైతు బైండింగ్ వైరును ఎలా తెంపుతాడు? లాగడు. ఒకే చోట అటూ ఇటూ నాలుగుసార్లు వంచుతాడు, పుటుక్కున తెగుతుంది. లోహాలకున్న ఈ బలహీనతను మొదట పద్ధతిగా కొలిచినవాడు జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్. 19వ శతాబ్దం మధ్యలో రైలు ఇరుసులు పెద్ద బరువేమీ పడకుండానే విరిగిపోతుంటే, ఆయన వాటిని ఏళ్ల తరబడి తిప్పి తిప్పి పరీక్షించాడు. ఒక్కసారిగా విరగ్గొట్టడానికి కావలసిన బలంలో చిన్న భాగం చాలు, అది పదే పదే పడితే ఇరుసు విరుగుతుందని తేల్చాడు. ఇంజనీర్లు దీన్ని లోహపు అలసట అంటారు. ఇరుసును విరిచిన అలసటే వైరులోని పోగునూ తెంపుతుంది.

వైరులో ఒక్క లావు తీగ కాకుండా అన్ని సన్న పోగులెందుకో ఇప్పుడు అర్థమవుతుంది. తీగను వంచినప్పుడు వంపు బయటివైపు సాగుతుంది, లోపలివైపు నొక్కుకుంటుంది. ఎంత సాగుతుందనేది తేలిక లెక్క: తీగ మందంలో సగాన్ని వంపు వ్యాసార్థంతో భాగిస్తే చాలు. ఎలక్ట్రికల్ షాపుల్లో పాతవాళ్లు ఇప్పటికీ 23/36, 40/36 వైరు అని అడుగుతారు. 36 గేజి పోగులు 23, లేదా 40 అని అర్థం. నేటి లెక్కలో 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరంటే 0.2 మిల్లీమీటర్ల పోగులు 24. అలాంటి పోగును 5 మిల్లీమీటర్ల వ్యాసార్థంలో వంచితే బయటి అంచు 2 శాతం సాగుతుంది. అంతే రాగిని ఒకే తీగగా పోతపోస్తే మందం సుమారు 1 మిల్లీమీటరు, అదే వంపులో సాగుడు 10 శాతం. అది కొద్ది రోజుల్లోనే తెగిపోతుంది.

అదే పోగును 25 మిల్లీమీటర్ల వ్యాసార్థంలో వంచి చూడండి. సాగుడు 0.4 శాతానికి దిగుతుంది, అంటే అయిదో వంతు. కానీ ఆయుష్షు అయిదింతలతో ఆగదు. 1950లలో కాఫిన్, మాన్సన్ అనే ఇద్దరు అమెరికన్లు విడివిడిగా కనిపెట్టిన సూత్రం ప్రకారం, ఇలా గట్టిగా వంగే లోహాల్లో సాగుడు సగానికి తగ్గితే అవి ఓర్చుకునే వంపుల సంఖ్య సుమారు నాలుగింతలవుతుంది. సాగుడు అయిదో వంతుకు తగ్గితే ఆయుష్షు పాతికింతల దరిదాపుకు పెరుగుతుంది. వైరులో పోగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి కాబట్టి లెక్క ఇంత నిక్కచ్చిగా ఉండదు. అయినా దిక్కు మారదు. వంపును కాస్త వెడల్పు చేస్తే వచ్చే లాభం, మందమైన వైరు వేసినా రాదు.

మరి ఇస్త్రీ చేస్తున్నప్పుడు వైరు వంగదా? వంగుతుంది. దానికి ఏర్పాటుంది. వైరు బయటికొచ్చే చోట మొదట్లో లావుగా, పోనుపోను సన్నబడే రబ్బరు తొడుగు వంపును ఒకే చోట పడనివ్వకుండా పొడుగునా పంచుతుంది. కొన్ని ఇస్త్రీ పెట్టెల్లో అది గుండ్రంగా తిరుగుతుంది కూడా. ఇంటి సామాన్ల భద్రతకు అంతర్జాతీయ ప్రమాణం, దాన్ని అనుసరించే మన ఐఎస్ 302, ఈ తొడుగుకు గట్టి పరీక్షే పెడతాయి. వాడకంలో కదిలే సామానైతే వైరుకు బరువు కట్టి 90 డిగ్రీల మేర ఊపుతారు. వైరును మార్చడానికి వీలున్న సామానుకు 10,000 ఊపులు, వీల్లేని దానికి 20,000. ఆఖరున పోగుల్లో పదో వంతుకు మించి తెగకూడదు.

మంచి పరీక్షే. అయితే అది చూసేది వాడకాన్ని. అలమరలో వైరు పడే పాట్లు అందులో లేవు. పరీక్షలో వైరు నిటారుగా వేలాడుతూ ఊగుతుంది. ఇంట్లో అలా కాదు. పని కాగానే వైరును మొదలు దగ్గరే మడిచి, లాగి పట్టి, పెట్టె చుట్టూ బిగించి, కొసన ప్లగ్గును ఏదో ఒక చుట్టు కింద దోపుతాం. ఆ మొదటి మడతలో వంపు వ్యాసార్థం వైరు మందానికి మించదు. రబ్బరు తొడుగు పంచాల్సిన వంపంతా దాని చివరి అంచు మీద పడుతుంది. మళ్లీ తీసేదాకా అలాగే ఉంటుంది. పైగా చుట్టేటప్పుడు పెట్టె ఇంకా వెచ్చగానే ఉంటుంది. పీవీసీ వెచ్చగా ఉన్నప్పుడు ఏ ఆకారంలో పెడితే దాన్ని పట్టేస్తుంది. మళ్లీ విప్పినా వైరు ఆ మడతనే గుర్తుపెట్టుకుని అక్కడే వంగుతుంది. రోజూ అదే చోట, అవే పోగులు.

సగం పోగులు తెగిన వైరుతోనూ సామాను పనిచేస్తూనే ఉంటుంది. అదే భయం. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 230 వోల్టుల దగ్గర 4.3 ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. తెగిన కొనలు కదిలినప్పుడల్లా తగులుతూ విడిపోతూ రవ్వలు రాలుస్తాయి. ఆ చోటు చేతికి జానెడు దూరంలోనే ఉంటుంది. వైరు మొదలు దగ్గర వెచ్చగా తగిలినా, వంచితే సామాను ఆగి ఆగి నడిచినా ఆ రోజే ప్లగ్గు తీసి పక్కన పెట్టాలి.

గట్టిగా చుట్టాల్సిన అవసరమే లేదని చెప్పే గణితం 18వ శతాబ్దంలోనే ఉంది. గుండ్రటి దాని చుట్టూ తాడు తిప్పితే రాపిడి వల్ల పట్టు ఒక్కో చుట్టుకూ కొన్ని రెట్లు పెరుగుతుందని గణితవేత్త ఆయిలర్ చూపించాడు. రాపిడి గుణకం 0.3 అనుకుంటే ఒక్క పూర్తి చుట్టుకు ఆరు రెట్లు దాటుతుంది. రెండు చుట్లకు 40 రెట్లు. అంటే కొసన వేలితో ఆనించినంత బలం చాలు, చుట్లన్నీ జారకుండా నిలుస్తాయి. కాబట్టి వైరుకు కావలసింది బిగింపు కాదు, కొసను పట్టి ఉంచే ఒక చిన్న క్లిప్పు. పది పైసల ప్లాస్టిక్కు కూడా పట్టని ఆ క్లిప్పు లేకపోవడం వల్లే మనం వైరును బిగించి దోపాల్సి వస్తోంది.

వంపు తరువాతి శత్రువు మెలిక. ఇది కాస్త వింతగా ఉంటుంది, ఓపిగ్గా చూడాలి. హెయిర్ డ్రయ్యరు పిడి చుట్టూ చేత్తో తిప్పుతూ వైరు చుట్టాం. పది చుట్లు పడ్డాయి. మళ్లీ అలాగే వెనక్కి తిప్పుతూ విప్పితే మెలిక ఉండదు. కానీ అంత తీరిక ఎవరికి? చుట్టలను పిడి కొసనుంచి ఒక్కసారిగా జారవిడిచి ప్లగ్గు పట్టి లాగుతాం. అప్పుడు ఒక్కో చుట్టుకు ఒక పూర్తి మెలిక చొప్పున పది మెలికలు వైరులోకి ఎక్కుతాయి. ప్లగ్గు సాకెట్లో బిగుసుకుని ఉంటుంది, రెండో కొస డ్రయ్యర్లో. మెలికలు పోయే దారి లేక వైరు తనమీద తానే చుట్టుకుని ముడులు పడుతుంది. ఆ ముడిని లాగితే మళ్లీ పదునైన వంపే.

చుట్టు మెలికగా, మెలిక చుట్టుగా మారతాయే తప్ప రెండు కొసలూ కదలనంత కాలం వాటి మొత్తం మారదు. రుమేనియా గణితవేత్త గెయోర్గె కలుగరెయాను 1961 నాటికి రుజువు చేసిన ఈ సంగతిని, అమెరికాలో జేమ్స్ వైట్ 1969లో మరింత విస్తరించాడు. జీవకణంలో డీఎన్ఏ పోగు ఎలా ముడుచుకుంటుందో లెక్కగట్టడానికి జీవశాస్త్రవేత్తలు వాడేదీ ఈ సూత్రాన్నే.

బతుకమ్మ తొమ్మిది రోజులూ, వినాయక చవితి పందిళ్లకూ తిరిగే మైక్‌సెట్ వాళ్లను గమనించండి. కొత్త కుర్రాడు వైరును అరచేతికీ మోచేతికీ మధ్య గబగబా చుట్టేస్తాడు. మర్నాడు విప్పితే అది మెలికల పాము. పనితెలిసినవాడు ఒక చుట్టు పైనుంచి వేస్తే తరువాతి చుట్టు కిందనుంచి వేస్తాడు. ఒకదాని మెలిక కుడికి, ఇంకోదానిది ఎడమకు పడి రెండూ చెల్లుకుపోతాయి. ఆ చుట్టను కొస పట్టి విసిరితే తిన్నగా పరుచుకుంటుంది. ఇదే ఉపాయం ఎనిమిది అంకె ఆకారంలో చుట్టినా పనిచేస్తుంది, అది చేతికి ఇంకా తేలిక. ఒక సగం కుడికి తిరిగితే రెండో సగం ఎడమకు తిరుగుతుంది.

వస్తువును రూపొందించే వాళ్లకు ఇక్కడొక మంచి దారి దొరుకుతుంది. కొన్ని వ్యాక్యూమ్ క్లీనర్ల పిడి మీద పైనొకటి కిందొకటి కొక్కేలుంటాయి. వైరును వాటి చుట్టూ చుట్టి, ఒక కొక్కేన్ని తిప్పగానే చుట్లన్నీ ఒక్కసారిగా ఊడొస్తాయి. క్షణంలో పని అవుతుంది. కానీ గుండ్రంగా చుట్టి అలా ఊడదీస్తే ఇందాకటి మెలికలన్నీ వచ్చి పడతాయి. అదే కొక్కేల చుట్టూ ఎనిమిది ఆకారంలో చుట్టిస్తే క్షణంలో ఊడుతుంది, మెలికా ఉండదు. కొక్కేల మధ్య చిన్న గాడి పెట్టి చేతికి ఆ దారి చూపిస్తే చాలు, చదువుకోవాల్సిన కాగితం ఏదీ అక్కర్లేదు. చేయి తనంతట తాను సరైన పని చేసేలా ఆకారం ఉండాలి. మంచి డిజైన్ అంటే నాకు తెలిసినంతలో ఇదే.

చిన్న సామాన్లలో అసలు ఇబ్బంది చోటు. 1.8 మీటర్ల పొడవు, 7 మిల్లీమీటర్ల మందం ఉన్న వైరును దగ్గరగా సర్దినా, సందులతో కలిపి ఒక ఇరానీ చాయ్ గ్లాసు నిండేంత జాగా తీసుకుంటుంది. బరువు వంద గ్రాములకు అటూ ఇటూ. హ్యాండ్ బ్లెండరు పిడిలో అంత ఖాళీ ఎక్కడిది? స్విట్జర్లాండ్‌లో రోజే పెరినజకే 1950లో పేటెంటు తీసుకున్న మొదటి హ్యాండ్ బ్లెండరు నాటినుంచి దాని గుణమే చేతిలో ఇమిడే సన్నటి ఒళ్లు. దాన్ని లావు చేస్తే పని చెడుతుంది.

స్ప్రింగు రీలు చాలామందిని ఊరిస్తుంది. బొత్తం నొక్కితే వైరు తనంతట తాను లోపలికి పోతుంది. ప్రమాణాలు దానికీ పరీక్ష పెట్టాయి, వైరును 6,000 సార్లు లాగి వదలాలి. వేడి పరీక్ష కూడా ఉంది, వైరులో మూడో వంతే బయటికి లాగి మిగిలింది చుట్టలోనే ఉంచి సామాను నడిపిస్తారు. కారణం చెప్పాలి. 1200 వాట్ల డ్రయ్యరు నడిచేటప్పుడు 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరులో రెండున్నర వాట్ల వేడి పుడుతుంది. వైరు పరిచి ఉంటే చేతికి కూడా తెలియదు. మూసిన డబ్బాలో చుట్ట మీద చుట్టగా ఉంటే ఆ వేడికి బయటపడే దారుండదు. మామూలు పీవీసీ ఓర్చుకునేది 70 డిగ్రీల వరకు. మే నెల మధ్యాహ్నం కామారెడ్డిలో గదే నలభై దాటి ఉన్నప్పుడు మనకు మిగిలిన వెసులుబాటు ముప్ఫై డిగ్రీల లోపు. ఎక్స్‌టెన్షన్ బాక్సుల రీళ్లకూ ఇదే వర్తిస్తుంది, సగం విప్పి హీటరు నడపడం మంచిది కాదు. పైగా రీలులో స్ప్రింగు, తిరిగే రాగి కాంటాక్టులు ఉంటాయి. అవి బరువు, అవి అరుగుతాయి, మన బల్ల మీది మెకానిక్‌కు వాటి విడిభాగాలు దొరకవు. నేలమీద కూర్చునే వ్యాక్యూమ్ క్లీనరుకు అది సరే. చేత మోసే సామానుకు నేను వద్దంటాను.

ఇస్త్రీ పెట్టెకు దానిదే ఒక చిక్కు. నూలుబట్ట ఇస్త్రీ చేసే వేడిలో అడుగు పలక సుమారు 200 డిగ్రీలుంటుంది. పీవీసీ తగిలితే కరిగి అంటుకుంటుంది. అందుకే దాని వైరుకు పైన నూలు అల్లిక తొడుగుతారు. 1882లో న్యూయార్కులో హెన్రీ సీలీ ఎలక్ట్రిక్ ఇస్త్రీ పెట్టెకు పేటెంటు తీసుకున్న నాటినుంచి దాని వైరు ఎక్కడికి పోవాలన్నది ఆలోచించాల్సిన విషయమే. మన ఇళ్లలో పాత పెట్టెలకు వైరు విడిగా ఊడొచ్చేది. బ్యాకలైట్ కనెక్టరు, దాని వెనక వంపు కాచే ఉక్కు స్ప్రింగు ఉండేవి. పెట్టె చల్లారుతుంటే వైరును తీసి విడిగా మేకుకు తగిలించేవాళ్లు. వైరు పోతే వైరే కొనేవాళ్లు. ఇన్ని కొత్త పద్ధతులు చూశాక కూడా, దాచడానికి ఇంతకంటే మేలైన ఏర్పాటు నాకు కనబడలేదు.

ప్లగ్గు సంగతీ ఈ ప్రాంతంలో ప్రత్యేకం. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలనుంచి గల్ఫ్ పోయినవాళ్లు ఎక్కువ. సెలవుకొచ్చేటప్పుడు పెట్టెలో ట్రిమ్మరు, ఇస్త్రీ పెట్టె, బ్లెండరు ఏదో ఒకటి ఉంటుంది. దుబాయ్, మస్కట్, దోహాల్లో వాడేది 1947 నాటి బ్రిటిష్ ప్రమాణపు ప్లగ్గు, మూడూ పలక పిన్నులు, లోపలొక ఫ్యూజు. అందులో మెచ్చదగ్గది, వైరు గోడకు ఆనుకుని కిందికి దిగుతుంది, మన గుండ్రటి పిన్నుల ప్లగ్గుల్లో చాలావాటిలా ఎదురుగా పొడుచుకురాదు. కానీ దాచేటప్పుడు పెద్ద తలనొప్పి, పిన్నులు పైకి లేచి పక్క సామానును గీరుతాయి. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుతున్న మిన్ క్యూ చోయి 2009లో దానికి పిన్నులు మడిచి పలచగా చేసే రూపం ఇచ్చాడు. మన దగ్గర మాత్రం ఆ ప్లగ్గును కోసేసి 6 ఆంపియర్ల ప్లగ్గు బిగిస్తారు. బిగించండి, కానీ కొత్త ప్లగ్గు లోపల వైరును పట్టే చిన్న పట్టీకి రెండు స్క్రూలుంటాయి. వాటిని చాలామంది వదిలేస్తారు. అప్పుడు వైరును లాగిన లాగుడంతా రాగి పోగుల మీదే పడుతుంది, రెండో చివరన కూడా తెగుడు మొదలవుతుంది.

ఇంకొక సంగతి డిజైనర్లు కూడా మరిచిపోతుంటారు. పీవీసీని మెత్తగా ఉంచడానికి అందులో నూనెలాంటి ద్రవం కలుపుతారు. అది నెమ్మదిగా పక్కనున్న ప్లాస్టిక్‌లోకి వలసపోతుంది. ఏబీఎస్, పాలిస్టైరీన్ ఒళ్లున్న డ్రయ్యరుకో ట్రిమ్మరుకో వైరును చుట్టి వేసవంతా సజ్జ మీద పెడితే, విప్పినప్పుడు ఒంటి మీద పాముకుబుసం లాంటి అచ్చులు పడి ఉంటాయి. వైరు అంటుకుపోయి గుంజాల్సి వస్తుంది. ద్రవం పోయిన వైరు గట్టిబడి మరింత సులువుగా పగులుతుంది. వైరు చుట్టుకునే చోటును పాలీప్రొపిలీన్‌తో చేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇదంతా కలిపితే చిన్న సామానుకు కావలసిన రూపం తేలిపోతుంది. వైరు బయటికొచ్చాక బెత్తెడు దూరం తిన్నగా పోయే వీలు. ఆ తరువాత 5 సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గని గుండ్రటి ఆధారం, లేదా ఎనిమిది ఆకారంలో చుట్టేలా రెండు కొక్కేలు. కొసకు క్లిప్పు, పిన్నులు లోపలికి ఒదిగే చోటు. సామాను ఒంటి మీద అంత జాగా లేకపోతే గోడకు తగిలించుకునే ఒక స్టాండులో వైరు కుదురుకోవచ్చు. హ్యాండ్ బ్లెండరుకు నాకు ఇదే సరైనదనిపిస్తుంది.

అప్పటిదాకా ఇంట్లో ఉన్నవాటికి పెద్ద ఖర్చేం లేదు. సామాను పూర్తిగా చల్లారాక, మొదట్లో అరచేతి వెడల్పు వైరును వదులుగా వదలండి. మిగిలినదాన్ని సామాను చుట్టూ కాకుండా విడిగా, నాలుగు వేళ్ల వెడల్పున ఎనిమిది ఆకారంలో మడవండి. నడుమ ఒక గుడ్డ పీలికతో వదులుగా కట్టండి. రబ్బరు బ్యాండు వద్దు, ఎండకు బిగుసుకుని వైరుకు అంటుకుంటుంది. కొత్తది కొనేటప్పుడు షాపులోనే వైరును మొత్తం చుట్టి చూపించమని అడగండి. చుట్టాక వైరు మొదట్లో మీ చిటికెన వేలు దూరేంత సందు లేకపోతే ఇంకో కంపెనీది తీయమనండి.